ట్యాగు లేని మావు

ఫారం నాలుగు పేజీలు.
మొదటి పేజీలో మీ పేరు, రెండో పేజీలో నది పేరు,
మూడో పేజీలో ఒడ్డు ఎవరిదో వాళ్ల సంతకం.
నాలుగో పేజీ ఎవరూ చదవరు.
నేను చదువుతాను, నాకు జీతమిచ్చేది అందుకే.

మావు నోరు తొంభై అయిదు మిల్లీమీటర్లు దాటకూడదు.
దాటితే నీటికుక్క తల దూరుతుంది, ఒళ్లు దూరుతుంది,
ఊపిరి మాత్రం బయటికి రాదు.
రోజుకొకసారి ఎత్తి చూడాలి.
ఎరకోసం పట్టే పరిగెలైనా సరే, అడిగి పట్టాలి.
మావు మావుకీ మేమిచ్చిన ట్యాగు కట్టాలి,
పురిటాసుపత్రిలో బిడ్డ మణికట్టుకి కట్టినట్టు.

ఆంబ్రోస్ థ్వెయిట్ ఫారం మూడుసార్లు తిప్పి పంపాను.
ఉత్తరాది కొండల్లో రాతిగోడలు కట్టే మనిషి.
సున్నం పెట్టడు, సిమెంటు పెట్టడు,
రాయికి రాయి కుదిరితే చాలంటాడు.
మొదటిసారి ఒడ్డు యజమాని సంతకం లేదు.
రెండోసారి 'ఏ జాతి పడతారు' అన్న గడిలో
'పడ్డవి' అని రాశాడు.
మూడోసారి ఫారంకి గుండుసూదితో గుచ్చిన చీటీ:
"అమ్మాయీ, సముద్రం దాటొచ్చిన ఆ ఎర్రగోళ్ల క్రేఫిష్
ఏ ఫారం నింపి మా వాగులో దిగిందో చెప్పు.
నేనూ అదే నింపుతాను."

నవ్వుకున్నాను.
సంతకం లేదని తిప్పి పంపాను.

సెప్టెంబరు చివర్లో, హార్న్ వాగు మీద,
వంతెన నీడలో చెయ్యి పెడితే తాడు తగిలింది.
లాగాను. హేజెల్ పుల్లలతో అల్లిన మావు,
ఎంత శ్రద్ధగా అల్లాడంటే
నీళ్లు కారిపోతున్నా ఒక్క ముడి కదల్లేదు.
ట్యాగు లేదు.
నోరు కొలిచాను. ఎనభై ఎనిమిది.
నా పుస్తకంలో తప్పులకి గడులున్నాయి,
సరిగ్గా ఉన్నవాటికి లేవు.

లోపల ఏడు ఎర్రగోళ్లవి,
రొయ్య అవబోయి ఎండ్రకాయ దగ్గర ఆగిపోయినట్టుండే జీవాలు,
ఒకదాని మీదొకటి ఎక్కి తగువులాడుతున్నాయి.
మూలకి ఒదిగి ఎనిమిదోది.
చిన్నది. పాచి రంగు.
గోళ్ల అడుగు మాత్రం కడిగిన బియ్యంలా తెల్లన.

ఈ వాగులో పుట్టి పెరిగిన జాతి.
ఈ మలుపులో చివరిసారి కనిపించినట్టు
నాకు ముందున్నాయన పెన్సిలుతో రాసి
పద్నాలుగేళ్లయింది.

ఏడింటిని తిరిగి నీళ్లలో వేస్తే నేరం.
ఎనిమిదోదాన్ని బయట ఉంచితే నేరం.
దాన్ని చేత్తో ముట్టుకోవాలంటే వేరే అనుమతి,
నాది మొన్న శుక్రవారంతో అయిపోయింది.
కొత్తది ఎవరి బల్ల మీదో ఉంది,
నాలాగే నాలుగో పేజీ చదివే ఎవరో.

"ఎంతసేపలా చూస్తావు?"
వంతెన మీద ఆంబ్రోస్, మోకాళ్ల దాకా రాతిదుమ్ము.
ఏడింటినీ తనే ఏరి బకెట్టులో వేశాడు.
నేను మావు నీళ్లలోకి వంచాను.
ఎనిమిదోది తోక ఒక్కసారి విదిలించి
వెనక్కి వెనక్కి ఈదింది,
మా ఇద్దరినీ చూస్తూనే.

నిజం రాస్తే ఆయనకి జరిమానా.
ఈ మలుపులో ఇక ఎవరికీ మావు లేదు, నాలుగో ఫారంకీ దారి లేదు.
రాయకపోతే
ఆ తెల్లగోళ్లది ఇక్కడ లేనట్టే.

చాలాసేపు ఇద్దరం నీళ్లవైపే చూశాం.
బకెట్టులో గోళ్ల గీకుడు.

"రాయి," అన్నాడు చివరికి.
"మావు నాదని రాయి. దొరికిన చోటు రాయి.
వైరుతో కాదు, హేజెల్‌తో అల్లిందని కూడా రాయి."

ఆ గడి చాలా చిన్నది.
హేజెల్ అన్న మాట పట్టక
అంచు దాటి రాశాను.